కామెరన్, స్టాంటన్: మీ రెండు పుస్తకాలూ సరైనవే

అమెరికా అధ్యక్షుడు లింకన్ ప్రభుత్వంలో యుద్ధ మంత్రిగా ఒక పుస్తకంలో కామెరన్ పేరు, ఇంకోదాంట్లో స్టాంటన్ పేరు ఉందని, వ్యాసం అక్కడే ఆగిపోయిందని రాశారు. రెండూ సరైనవే. 1861 మార్చి నుంచి సైమన్ కామెరన్. ఆయన హయాంలో సైన్యం కొనుగోళ్లలో అవకతవకలు బయటపడటంతో 1862 జనవరిలో లింకన్ ఆయన్ను రష్యాకు రాయబారిగా పంపించి, ఎడ్విన్ స్టాంటన్‌ను తెచ్చుకున్నారు. కాబట్టి మీ వ్యాసంలో సంవత్సరం చూసి పేరు పెట్టండి.

ఇక్కడ ఒక్క మాట తప్పకుండా చేర్చండి. 1855లో సిన్సినాటిలో ఒక పేటెంట్ కేసులో లింకన్, స్టాంటన్ ఇద్దరూ ఒకే పక్షం లాయర్లు. అప్పుడు స్టాంటన్ లింకన్‌ను పూచికపుల్లలా తీసిపారేశాడు. ఆ అవమానాన్ని మనసులో పెట్టుకోకుండా, పనిమంతుడని అదే మనిషికి యుద్ధశాఖ అప్పగించారు. నాకు లింకన్‌లో అన్నిటికన్నా నచ్చేది ఇదే. ఆ తర్వాత లింకన్ రోజూ ఆ శాఖ టెలిగ్రాఫ్ గదికి నడిచి వెళ్లి, సొరుగు లాగి, పైనున్న కొత్త తంతి కాగితాల నుంచి మొదలుపెట్టి, అంతకుముందు చూసినవి వచ్చేదాకా చదివేవారు.

ఆర్థిక మంత్రి చేజ్ రాజీనామా 1862లోనా, 1864లోనా అని కూడా అడిగారు కదా. అవి వేర్వేరు సందర్భాలు. 1862 డిసెంబరులో సెనేటర్లు విదేశాంగ మంత్రి సీవర్డ్‌ను తప్పించాలని పట్టుబట్టినప్పుడు సీవర్డ్ రాజీనామా ఇచ్చాడు, చేజ్ కూడా రాజీనామా లేఖ తెచ్చాడు. ఇవ్వడానికి తటపటాయిస్తుంటే లింకన్ చెయ్యి చాచి లాగేసుకున్నారు. ఇద్దరి లేఖలూ చేతికి రాగానే ఇద్దర్నీ కొనసాగించారు. 1864 జూన్‌లో మాత్రం చేజ్ రాజీనామాను నిజంగానే ఆమోదించారు.