గొర్రెకుంట కథ తీస్తానన్న అల్లుడికి

అల్లుడూ,

వరంగల్ దగ్గర గొర్రెకుంటలో 2020లో తొమ్మిది మందిని బావిలో పడేసి చంపిన కేసు మీద నువ్వు రాసిన స్క్రిప్టు నిన్న రాత్రి చదివాను. నలభై పేజీల్లో ముప్పై పేజీలు హంతకుడే మాట్లాడుతున్నాడు. నాకు పేచీ అక్కడే.

అమెరికా దర్శకుడు జాన్ మెక్‌నాటన్ 1985లో చికాగోలో ‘హెన్రీ: పోర్ట్రెయిట్ ఆఫ్ ఎ సీరియల్ కిల్లర్’ సినిమా షూటింగు చేశాడు. పదహారు ఎం.ఎం. కెమెరా, దాదాపు లక్షా పదివేల డాలర్లు, నెల లోపు పని. దానికి మూలమైన హెన్రీ లీ లూకస్ వందల హత్యలు చేశానని ఒప్పుకున్నాడు. తీరా ఆరా తీస్తే చాలామటుకు ఉత్తవే. అందుకే హంతకుడి మాట పట్టుకుని కథ అల్లొద్దు అంటున్నా. యూట్యూబ్ వీడియోలు పక్కన పెట్టి, 2020 అక్టోబరులో వరంగల్ కోర్టు ఉరిశిక్ష వేసిన తీర్పు సంపాదించు. నిద్రమాత్రలు, గోనె సంచులు, బావి, తొమ్మిది మంది. ఆ వరస చాలు నీకు.

‘హెన్రీ’ సినిమా మొదట్లో చంపడం కనిపించదు. శవం పడి ఉంటుంది, కెమెరా మెల్లగా కదులుతుంది, అరుపులు మాత్రం వెనక నుంచి వినపడతాయి. పైసా ఖర్చు లేదు, చూసేవాడికి మాత్రం ఒళ్లు జలదరిస్తుంది. నువ్వూ గచ్చు మీద సంచి ఈడ్చే చప్పుడు రికార్డు చెయ్యి. వడ్లు నింపితే తేలిగ్గా జారిపోతుంది. తడి ఇసుక పొయ్యి, బరువు వినపడుతుంది. మైకు నేలకు జానెడు ఎత్తులో ఉండాలి. బావిలో పడ్డ చప్పుడు మాత్రం వద్దు.

రక్తం జోలికి అసలే పోకు. ఒకసారి కాజీపేటలో మేం చక్కెర పాకంలో రంగు కలిపి పోశాం. రెండో టేకుకల్లా చీమలు పట్టాయి. శవంగా పడుకున్న పిల్లాడు లేచి గోక్కుంటూ ఇంటికి పోయాడు.

అసలు బావి దగ్గర షూటింగు పెట్టకు, మర్యాద కాదు. హసన్‌పర్తి వైపు ఏ రైతునైనా అడిగితే వాళ్ల బావి చూపిస్తాడు. పక్క పొలం మోటారుకు ఆటో స్టార్టరు ఉందేమో ముందే చూసుకో, చూసుకోకపోతే కరెంటు రాగానే దానంతటదే సరిగ్గా టేకు మధ్యలో మొదలవుతుంది.

ఇంకోటి. చనిపోయినవాళ్లు బతుకుదెరువుకు వేరే రాష్ట్రాల నుంచి వచ్చినవాళ్లు. పేర్లు మార్చెయ్, కానీ లాక్‌డౌన్‌లో వాళ్లున్న గదుల్లో పొయ్యి ఎలా వెలిగిందో రాయి. నీ స్క్రిప్టులో వాళ్లు ఒక్కపూట కూడా అన్నం తినలేదు. హంతకుడి దగ్గర పది పేజీలు కొట్టేసి అక్కడ పెట్టు.

ఆదివారం హనుమకొండ రా, నా పాత రికార్డరు ఇస్తా. బ్యాటరీలు నువ్వే తెచ్చుకో.

మీ మామ