టెక్ సందేహాలు: పాత టేపుకు కొత్త ప్రేక్షకులు, పోయిన సిమ్‌తో ముప్పు

ఒడిశా సరిహద్దు జిల్లాల నుంచి ఈ మధ్య వస్తున్న ఉత్తరాల్లో చాలావాటిది ఒకటే గోడు. ఎప్పుడో తమ్ముడో మేనల్లుడో యూట్యూబ్‌లో పెట్టి మరిచిపోయిన నాటకమో, హరికథో, ఊరి జాతరో ఇన్నేళ్లకు జనం కంట పడింది. "మిగతా సీను కూడా పెట్టండి" అని కామెంట్లు వస్తున్నాయి. తీరా ఛానల్ తెరుద్దామంటే తెరుచుకోదు. లేదంటే తెరుచుకున్న ఛానల్‌నే ఎవరో కాజేయాలని చూస్తుంటారు. అందుకే ఈసారి ఈ కోవలోని ప్రశ్నలే తీసుకున్నాను.

పర్లాకిమిడి నుంచి ఒక పాఠకుడు: "మా నాన్నగారు కృష్ణుడి వేషం కట్టేవారు. 1990లలో పాతపట్నంలో ఆడిన రాయబారం సీనును వీహెచ్‌ఎస్ క్యాసెట్ నుంచి మా తమ్ముడు 2012లో యూట్యూబ్‌లో పెట్టాడు. పదేళ్లు ఎవరూ చూడలేదు. ఇప్పుడు లక్ష వ్యూస్ దాటాయి. పాస్‌వర్డ్ వాడికి గుర్తులేదు. అప్పట్లో ఇచ్చిన ఒడిశా నంబరు వైజాగ్ వెళ్లాక రీచార్జి చేయక ఆగిపోయింది. ఏం చేయమంటారు సార్?"

పాస్‌వర్డ్ సంగతి తర్వాత చూద్దాం. నాకు భయమంతా ఆ పాత నంబరు గురించే. ఆగిపోయిన మొబైల్ నంబరును కనీసం 90 రోజుల పాటు ఇంకొకరికి ఇవ్వరు. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2023లో సుప్రీంకోర్టుకు చెప్పిన లెక్క ఇది. అంటే మూడు నెలలు దాటాక అది ఎవరి చేతిలోనైనా ఉండొచ్చు. ఆ మనిషి దొంగ కానక్కర్లేదు. కానీ మీ తమ్ముడి ఖాతా మీద ఎవరు "పాస్‌వర్డ్ మరిచిపోయాను" అని నొక్కినా ఓటీపీ వెళ్లేది ఆ ఫోన్‌కే. ఒక్క నంబరుతోనే ఖాతా చేతికి వస్తుందని కాదు. లోపలికి వెళ్లే దారుల్లో అదొకటి, ఆ దారికి ఇప్పుడు మీ కాపలా లేదు. వీడియోను ఎవరూ చూడనన్నాళ్లూ ఆ ఖాతా జోలికి వచ్చేవాళ్లు లేరు. లక్ష వ్యూస్ వచ్చాక వస్తారు.

మీ ప్రాంతంలో ఈ ముప్పు మరీ ఎక్కువ. మహేంద్రతనయ నదికి అవతల ఆంధ్రా టవర్, ఇవతల ఒడిశా టవర్. రోమింగ్ చార్జీలు ఉన్న రోజుల్లో రెండు వైపులవాళ్లూ రెండేసి సిమ్‌లు పెట్టుకున్నారు. తర్వాత ఒకటి ఉంచుకుని ఒకటి వదిలేశారు. వదిలేసిన నంబరు ఏ ఖాతాలకు, ఏ బ్యాంకుకు, ఏ గ్యాస్ కనెక్షన్‌కు కట్టి ఉందో చూసుకున్నవాళ్లు అరుదు. 2015 జులై నుంచి రాష్ట్రం మారినా అదే నంబరును పోర్ట్ చేయించుకోవచ్చు. ఆ సంగతి కౌంటర్లో చెప్పకుండా కొత్త సిమ్ అంటగట్టి పంపేవాళ్ల మీద నాకు చాలా కోపం ఉంది. అంతకు మించిన కోపం, అద్దె నంబరును మనిషి గుర్తింపుగా పెట్టి ఈ లాగిన్ పద్ధతులన్నీ తయారుచేసినవాళ్ల మీద. రీచార్జి ఆగితే పోయే నంబరును నమ్ముకుని ఒక కుటుంబం జ్ఞాపకాలన్నీ దాచమంటారా? ఇది బాధ్యత లేని డిజైన్.

ఇక దారి చెబుతాను. కొత్త ఫోన్ నుంచి ప్రయత్నించకండి. మీ తమ్ముడు అప్పట్లో వాడిన కంప్యూటర్ ఇంట్లో ఉంటే, పర్లాకిమిడి ఇంట్లోనే కూర్చుని, అప్పటి బ్రౌజర్‌లోనే గూగుల్ ఖాతా రికవరీ పేజీ తెరవమనండి. తెలిసిన పరికరం, తెలిసిన చోటు అయితే గూగుల్ నమ్మే అవకాశం ఎక్కువ. ముందుగా ఆ బ్రౌజర్‌లో సేవ్ అయిన పాస్‌వర్డ్‌ల జాబితా చూడండి, చాలామందికి అక్కడే దొరుకుతుంది. పాత నంబరుకు ఫోన్ చేసి "ఓటీపీ చెప్పండి బాబూ" అని మాత్రం అడగకండి. మంచివాళ్లయితే అనుమానపడి చెప్పరు. చెడ్డవాళ్లయితే ఆ ఓటీపీ దేనికి వచ్చిందో వాళ్లకు మీరే చెప్పినట్టవుతుంది. కామెంట్లలో "పోయిన ఖాతాలు తెప్పిస్తాం" అని వాట్సాప్ నంబర్లు పెట్టేవాళ్లంతా మోసగాళ్లే.

లోపలికి వెళ్లగలిగితే అప్పటికప్పుడే నంబరు మార్చండి, ఇతర పరికరాలన్నీ లాగౌట్ చేయండి, పాస్‌కీ (పాస్‌వర్డ్‌కు బదులు ఫోన్ లాక్‌తోనే లాగిన్ అయ్యే ఏర్పాటు) పెట్టుకోండి, ఫోన్ చేతిలో లేనప్పుడు పనికొచ్చే బ్యాకప్ కోడ్‌లు ప్రింట్ తీసి నాన్నగారి నాటకం ఫొటోలున్న కవరులోనే దాచండి. ఇంట్లో ఇంకొకరు వీడియోలు పెట్టాలంటే పాస్‌వర్డ్ ఇవ్వకుండా యూట్యూబ్ స్టూడియోలో పర్మిషన్ల ద్వారా ఎడిటర్‌గా చేర్చండి.

ఇంకొక మాట. రెండేళ్లు వాడని ఖాతాలను తీసేసే విధానాన్ని గూగుల్ 2023 డిసెంబరులో అమల్లోకి తెచ్చింది. యూట్యూబ్ వీడియోలున్న ఖాతాలను ప్రస్తుతానికి ముట్టుకోమని చెప్పారు కాబట్టి మీ రాయబారం అక్కడే ఉంటుంది. పూర్తి నాటకం ఇంకో మెయిల్ ఐడీ డ్రైవ్‌లో పెట్టి మరిచిపోయి ఉంటే మాత్రం దానికి ఆ రక్షణ లేదు. ఈరోజే వెళ్లి చూసుకోండి.

బరంపురం నుంచి: "పాత ఠాకురాణి యాత్ర వీడియో, మా వీధి పులివేషాలది, బాగా వెళ్తోంది. ఒక కంపెనీ నుంచి స్పాన్సర్‌షిప్ ఇస్తామని మెయిల్ వచ్చింది. అగ్రిమెంట్ జిప్ ఫైల్లో ఉంది, పాస్‌వర్డ్ మెయిల్లోనే ఇచ్చారు. తెరవవచ్చా?"

తెరవకండి. జిప్‌కు పాస్‌వర్డ్ పెట్టేది మీ భద్రత కోసం కాదు, లోపల ఏముందో మెయిల్ స్కానర్‌కు కనపడకుండా ఉండటానికి. అందులో పీడీఎఫ్ గుర్తుతో కనిపించేది నిజానికి ప్రోగ్రామ్. దాన్ని క్లిక్ చేశారంటే బ్రౌజర్‌లోని లాగిన్ కుకీలు (మీరు లాగిన్ అయి ఉన్నారని గుర్తుపెట్టుకునే చిన్న ఫైళ్లు) ఎత్తుకుపోతుంది. ఆ కుకీలుంటే వాళ్లకు మీ పాస్‌వర్డూ అక్కర్లేదు, ఓటీపీ అంతకన్నా అక్కర్లేదు. మీరు అప్పటికే లాగిన్ అయి ఉన్నారు కదా, అదే వాళ్లకు చాలు. ఇలా కాజేసిన ఛానళ్లను 3 డాలర్ల నుంచి 4,000 డాలర్ల దాకా అమ్ముతున్నారని గూగుల్ భద్రతా బృందం 2021లోనే బయటపెట్టింది. కొన్నవాళ్లు పేరు మార్చి వాటిలో క్రిప్టో మోసాల లైవ్‌లు నడుపుతారు. పొరపాటున తెరిచేసి ఉంటే ఆ కంప్యూటర్‌ను ఇంటర్నెట్ నుంచి తీసేసి, వేరే ఫోన్ నుంచి పాస్‌వర్డ్ మార్చి, అన్ని పరికరాలనూ లాగౌట్ చేయండి. అది పీడీఎఫో ప్రోగ్రామో చెప్పేవి ఫైల్ పేరు చివర ఉండే అక్షరాలు; వాటిని మామూలుగా కనపడకుండా దాచే ఆపరేటింగ్ సిస్టమ్‌లు ఇన్ని దెబ్బలు తిన్నాక కూడా ఆ అలవాటు మానలేదంటే ఏమనాలి? సెట్టింగుల్లోకి వెళ్లి ఆ అక్షరాలు కనపడేలా మీరే మార్చుకోండి.

రాయగడ నుంచి ఒకావిడ: "మా తాతగారి హరికథల ఆడియో క్యాసెట్లు పెట్టెడు ఉన్నాయి. కంప్యూటర్‌లోకి ఎక్కించే యూఎస్‌బీ క్యాసెట్ ప్లేయర్ ఆన్‌లైన్‌లో చవగ్గా దొరుకుతోంది. కొనమంటారా? అసలివి ఇప్పుడు ఎవరు వింటారని ఇంట్లోవాళ్లు అంటున్నారు."

ఎవరు వింటారో ముందే చెప్పగలిగినవాళ్లు ఎవరూ లేరమ్మా. చరణ్‌జిత్ సింగ్ అని ముంబైలో సినిమా ఆర్కెస్ట్రాలకు వాయించిన సంగీతకారుడు. 1982లో సింథసైజర్, డ్రమ్ మెషీన్ పెట్టుకుని పది రాగాలను డిస్కో తాళంలో వాయించి రికార్డు తెచ్చారు. ఎవరూ పట్టించుకోలేదు. 2010లో దాన్ని మళ్లీ విడుదల చేస్తే, షికాగోలో ఆ తర్వాత కొన్నేళ్లకు పుట్టిన యాసిడ్ హౌస్ అనే డాన్స్ సంగీతం ముందే ఇక్కడ వినిపిస్తోందేమిటని విదేశీ శ్రోతలు ఆశ్చర్యపోయారు. డెబ్బై దాటిన వయసులో ఆయన యూరప్‌లో కచేరీలు చేశారు. ఇంకా వెనక్కి వెళ్తే, బ్రిటిష్ కాలంలో గ్రియర్సన్ నడిపిన భాషా సర్వే కోసం 1913 నుంచి 1929 దాకా మన దేశంలోని భాషలను గ్రామఫోను రికార్డుల్లోకి ఎక్కించారు. అందులో తెలుగు కూడా ఉంది. ఆఫీసర్లకు పనికొస్తుందని చేసిన ఆ రికార్డులను ఇప్పుడు షికాగో విశ్వవిద్యాలయం వెబ్‌సైట్‌లో ఎవరైనా వినొచ్చు. వందేళ్ల నాటి మాట తీరు వినడానికి ఇంతకు మించిన ఆధారం మరొకటి దొరకదు. మీ తాతగారు రాయగడ తెలుగులో చెప్పిన పిట్టకథలు కూడా ఆ విలువ చేసేవే.

ఆ ప్లేయర్ మాత్రం కొనకండి. ఈ రకం చవక పరికరాల్లో మోటారు వేగం నిలకడగా ఉండదు, శ్రుతి ఊగుతుంది. నిశ్శబ్దం వచ్చినప్పుడల్లా సౌండ్ దానంతటదే పెంచేసుకుని బుస్సుమంటుంది. పైగా చాలావాటిలో నేరుగా ఎంపీ3లోకి నొక్కేస్తారు. ఇంట్లోనో చుట్టాల ఇంట్లోనో పాత మంచి క్యాసెట్ డెక్ ఉంటే బెల్టులు మార్పించి, టేపును చదివే హెడ్‌ను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి వాడండి. డెక్ లైన్ అవుట్ నుంచి ఆడియో ఇంటర్‌ఫేస్ (శబ్దాన్ని కంప్యూటర్‌లోకి చేర్చే చిన్న పెట్టె)లోని లైన్ ఇన్‌కు కలపండి, మైకు ఇన్‌కు కాదు. 24 బిట్, 48 కిలోహెర్ట్జ్ వేవ్ (కుదించని) ఫైల్‌గా తీస్తే స్టీరియోలో గంటకు సుమారు ఒక జీబీ అవుతుంది. ఇప్పుడు హార్డ్ డిస్కుకు అదొక లెక్క కాదు. క్యాసెట్ పెట్టేముందు వెనక అంచున ఉండే రెండు చిన్న ప్లాస్టిక్ రేకులు విరిచేయండి. పొరపాటున రికార్డు బటన్ నొక్కినా తాతగారి గొంతు చెరిగిపోదు. హెడ్ పక్కన ఒక చిన్న స్క్రూ ఉంటుంది. పాత టేపు వినడానికి మూతపడినట్టు ఉంటే దాన్ని కొద్దికొద్దిగా తిప్పుతూ వినండి. "శ", "స"లు ఎక్కడ స్పష్టంగా పలుకుతాయో అక్కడ ఆపాలి. ఒక్కో క్యాసెట్‌కు ఆ చోటు మారుతుంది. టేపు మీద తెల్లగా బూజు కనిపిస్తే డెక్‌లో పెట్టనే పెట్టకండి, ఆ బూజు మిగతా క్యాసెట్లకూ అంటుకుంటుంది. అలాంటివి విడిగా, తేమ తగలకుండా ఉంచి, ఈ పని తెలిసినవాళ్ల చేతికే ఇవ్వండి.

ఇక అసలు బాధ చెప్పాలి. ఫోన్లలో, ఎడిటింగ్ యాప్‌లలో ఈ మధ్య ప్రతి అప్‌డేట్‌తోనూ "నాయిస్ తీసేస్తాం" అనే బటన్ వస్తోంది. కొన్నిటిలో అడగకుండానే ఆన్ అయి ఉంటోంది. మాట ఒక్కటే ఉంచి, ఆగకుండా మోగేదాన్ని తీసేయడం దాని పని. ఫ్యాను చప్పుడుకు అది బాగానే ఉంటుంది. మరి హార్మోనియం శ్రుతి కూడా ఆగకుండా మోగేదే కదా! అది తుడిచిపెట్టుకుపోతుంది. పద్యం చివర ఎత్తుకున్న రాగం ముక్కలు ముక్కలవుతుంది. హరికథలో చిడతల దరువును క్లిక్ శబ్దం అనుకుని మింగేస్తుంది, గజ్జెల చప్పుడూ అంతే. నాటకంలో జనం "వన్స్‌మోర్" అని అరిచిన అరుపులు పోతాయి. ఆ అరుపులే లేకపోతే నటుడు అదే పద్యం మళ్లీ ఎందుకు ఎత్తుకున్నాడో వినేవాళ్లకు తెలిసేదెలా? ఇలా శుభ్రం చేసి అసలు ఫైల్ డిలీట్ చేసినవాళ్ల ఉత్తరాలు చదివితే కడుపు తరుక్కుపోతుంది. ముందు ఉన్నది ఉన్నట్టుగా ఒక కాపీ తీసి పక్కన పెట్టండి. బుస్సుమనే శబ్దంతో సహా. శుభ్రం చేయడం ఎప్పుడైనా చేయొచ్చు, పోయింది తిరిగి రాదు. చుట్టాలకు పంపేటప్పుడు కూడా వాట్సాప్‌లో మామూలు వీడియోగా కాకుండా డాక్యుమెంటుగా పంపండి. మామూలుగా పంపితే అది కుదించి పంపుతుంది. ఏడాది తర్వాత ఫ్యామిలీ గ్రూపులో మిగిలేది ఆ కుదించిన కాపీయే.

గునుపూర్ నుంచి: "మా బుర్రకథ దళం వీడియో ఎనిమిదేళ్లుగా మా ఛానల్‌లో ఉంది. ఎవరో ఆడియో దించుకుని తమ పేరుతో రిజిస్టర్ చేసుకున్నారు. ఇప్పుడు మా వీడియోకే కాపీరైట్ క్లెయిమ్ వచ్చింది."

కంగారు పడకండి, క్లెయిమ్ వేరు, ఛానల్‌కే ఎసరు పెట్టే స్ట్రైక్ వేరు. క్లెయిమ్ వల్ల డబ్బు వాళ్లకు పోతుందే గానీ ఛానల్ పోదు. యూట్యూబ్ స్టూడియోలో డిస్ప్యూట్ పెట్టండి. అవతలివాళ్లు 30 రోజుల్లో జవాబివ్వాలి, ఇవ్వకపోతే క్లెయిమ్ దానంతటదే పోతుంది. మీ అప్‌లోడ్ తేదీ, టేపు మీద చేత్తో రాసిన లేబుల్ ఫొటో, కత్తిరించని పూర్తి ఫైల్ దగ్గర పెట్టుకోండి. అసలు టేపు పారేయవద్దని నేను పోరేది ఇందుకే. మీది చిన్న విషయమని అనుకోకండి. హక్కుదారులు క్లెయిమ్ చేసుకోని పాటలను వెతికి, అవి తమవేనని యూట్యూబ్‌ను నమ్మించి, 2017 నుంచి కొన్నేళ్లలో 2 కోట్ల డాలర్లకు పైగా మింగిన ఇద్దరికి అమెరికాలో జైలుశిక్ష పడింది. వాళ్లు ఏరుకున్నది ఎవరూ అడగరనుకున్న రికార్డింగులనే.

మన చట్టంలో సౌండ్ రికార్డింగుకు 60 ఏళ్లు, ప్రదర్శన ఇచ్చినవాళ్ల హక్కుకు 50 ఏళ్లు రక్షణ ఉంది. అంటే మీ ఒక్కరిదే కాదు, వంతలు పట్టినవాళ్ల హక్కు కూడా ఆ వీడియోలో ఉంది. ఛానల్‌కు డబ్బులు రావడం మొదలైతే వాళ్ల ఇళ్లకు కూడా కబురు చేయండి.

జయపురం నుంచి: "పాత మినీ డీవీ క్యామ్‌కార్డర్‌కు యూఎస్‌బీ కేబుల్ పెడితే మెమరీ కార్డులోని ఫొటోలే వస్తున్నాయి, టేపులోని పెళ్లి వీడియో రావడం లేదు."

రాదు. ఆ తరం క్యామ్‌కార్డర్లలో చాలావాటికి యూఎస్‌బీ ఇచ్చింది ఫొటోల కోసమే. వీడియోను ఫైర్‌వైర్ అనే పాతకాలపు పోర్టు నుంచి తీయాలి. ఆ పోర్టు ఉన్న పాత లాప్‌టాప్ సంపాదించండి, దాని సాఫ్ట్‌వేర్ మాత్రం అప్‌డేట్ చేయకండి, కొత్త వెర్షన్లలో ఫైర్‌వైర్‌ను తీసేస్తున్నారు. గంట టేపుకు 13 జీబీ దాకా ఖాళీ ఉంచుకోండి. క్యాప్చర్ మొదలుపెట్టే ముందు టేపును ఒకసారి చివరిదాకా తిప్పి, మళ్లీ మొదటికి రివైండ్ చేయండి. ఏళ్ల తరబడి కదలని టేపు పొరలు ఒకదానికొకటి అంటుకుని ఉంటాయి.