గ్లాస్గోలో ఒంటరిగా ఉన్న గుంటూరు తమ్ముడికి

తమ్ముడూ, గ్లాస్గో వెళ్లి రెండు నెలలైనా క్లాసు, పార్ట్‌టైమ్, రూమ్ తప్ప ఇంకేం లేదని, మన గుంటూరు వాళ్లు నలుగురు తప్ప ఎవరూ పరిచయం కాలేదని రాశావు. నేనూ బెజవాడ నుంచి అక్కడికే వెళ్లి ఎమ్మెస్సీ చేశాను, మొదటి చలికాలమంతా కిటికీలోంచి వాన చూస్తూనే గడిచిపోయింది, అందుకే ఇంత గట్టిగా చెబుతున్నా. యూనివర్సిటీలో కొండలెక్కే క్లబ్ ఉంటుంది, సెప్టెంబర్‌లో చేరలేదని ఆగిపోకు, మధ్యలోనూ అడగొచ్చు. పార్టీలో కొత్తవాళ్లతో ఏం మాట్లాడాలో నాకు తోచేది కాదు, అదే పక్కపక్కన నాలుగు గంటలు నడిస్తే మాటలు వాటంతటవే వస్తాయి, పైన కూర్చుని డబ్బాలో తెచ్చిన పులిహోర పంచితే ఇక చెప్పక్కర్లేదు.

మొదట కానిక్ హిల్‌కి వెళ్లు. ఎత్తు సుమారు 360 మీటర్లు, మంగళగిరి మెట్లు ఎక్కినవాడివి, నీకేం కష్టం కాదు. పైనుంచి లాక్ లోమండ్ సరస్సులో దీవులు వరసగా కనిపిస్తాయి, మన భవానీ ద్వీపం గుర్తొచ్చి నాకు కళ్లు చెమర్చాయి. స్కాట్లాండ్‌లో 2003 నాటి చట్టం ప్రకారం కొండల్లో బాధ్యతగా నడిచే హక్కు అందరికీ ఉంది.

జీన్స్ మాత్రం వద్దు, తడిస్తే ఆరదు, ఒళ్లు చల్లబడిపోతుంది. డిసెంబర్‌లో నాలుగింటికల్లా పొద్దు గూకుతుంది, పొద్దున్నే బయల్దేరు, టార్చ్ పెట్టుకో, ఒంటరిగా అస్సలు వెళ్లకు. ఏమైనా జరిగితే 999కి ఫోన్ చేసి ముందు పోలీస్, తర్వాత మౌంటెన్ రెస్క్యూ అని అడగాలి.

ఈ వారమే క్లబ్‌కి మెయిల్ పెట్టు, ఏమన్నారో చెప్పు.