మీ అమ్మాయిది వింత కేసుల పిచ్చి కాదమ్మా

ప్రశ్న: మా అమ్మాయి హైదరాబాద్‌లో ఎంబీబీఎస్ చదివి ఇప్పుడు హౌస్‌సర్జన్సీ చేస్తోంది. మెహిదీపట్నం సరోజినీదేవి కంటి ఆసుపత్రిలో పోస్టింగ్ పడ్డప్పటి నుంచి కంటి డాక్టరే అవుతానంటోంది. అక్కడ చూసిన వింత కేసులన్నీ నోటుబుక్కులో రాసుకుంటోంది. మాకు రేడియాలజీ చేయించాలని ఉంది. కంటి వైపే పోతానంటే కనీసం లేసిక్‌లోకి, అదే లేజర్‌తో కళ్లద్దాలు తీయించే ఆపరేషన్లలోకి, వెళ్తే తొందరగా సెటిలవుతుందని మా మరిది అంటున్నాడు. రేడియాలజీ, కంటి బ్రాంచి రెండూ పోల్చి చెప్పగలరా?
– ఒక తల్లి, వనస్థలిపురం

జవాబు: అమ్మా, మీ ఉత్తరంలో మీ అభిప్రాయం ఉంది, మీ మరిదిగారి అభిప్రాయం ఉంది. ఆ కేసులు ఎందుకు రాసుకుంటున్నావని పిల్లను అడిగినట్టు మాత్రం ఎక్కడా లేదు. పీజీ సీట్ల సమయంలో ఇలాంటి ఉత్తరాలు నాకు చాలా వస్తాయి. బ్రాంచి పేరు మారుతుంది గానీ లోపలి దిగులు ఒకటే. ముప్పై దగ్గర పడినా పిల్ల స్థిరపడదేమో, పెళ్లి ఆలస్యమవుతుందేమో, ఏదో మోజులో పడి చేతికొచ్చిన అవకాశం వదులుకుంటుందేమో అని. ముందు ఆ దిగులు సంగతి మాట్లాడుకుందాం. పోలిక తర్వాత.

మోజు అని తీసిపారేయకండి. రెండో ప్రపంచ యుద్ధంలో కొందరు బ్రిటిష్ పైలట్ల కళ్లలో విమానం అద్దం తాలూకు పర్‌స్పెక్స్ అనే ప్లాస్టిక్ పెంకులు గుచ్చుకున్నాయి. పరాయి వస్తువు దిగితే కన్ను వాచి చెడిపోవాలి. ఆ పెంకులున్న కళ్లు మాత్రం నెమ్మదిగానే ఉన్నాయి. లండన్ సర్జన్ హెరాల్డ్ రిడ్లీ అది గమనించి, 1949లో అలాంటి ప్లాస్టిక్‌తోనే లెన్సు చేయించి శుక్లం తీసిన కంట్లో అమర్చాడు. ఇవాళ ఇంటింటా పెద్దవాళ్లు లెన్సు వేయించుకుని పేపరు చదువుతున్నారంటే దాని మొదలు ఆ వింత కేసే.

మన ఊరి సంగతే చూడండి. పొలం పనుల్లో వడ్ల గింజో ఆకో తగిలి నల్లగుడ్డు మీద పుండు పడి వచ్చేవాళ్లు మన జిల్లాల్లో ఎందరో. చాలామందిలో కారణం ఫంగస్. కొందరిలో పుండు అచ్చం అలాగే ఉంటుంది, మైక్రోస్కోపు కింద అలాంటి పోగులే కనిపిస్తాయి, కానీ ఫంగస్ చుక్కల మందు ఎన్నాళ్లు వేసినా తగ్గదు. అది పైథియం అనే జీవి. చూడ్డానికే ఫంగస్, నిజానికి కాదు. ఫంగస్ మందులు దెబ్బతీసే ఎర్గోస్టెరాల్ దాని పొరలో ఉండదు. బాక్టీరియాకు వాడే లినెజోలిడ్, అజిత్రోమైసిన్ దాని మీద పనిచేస్తాయని రోగుల్లో వాడి చూపించింది మన బంజారాహిల్స్ ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రి డాక్టర్లే. సున్నం పడి ఒక కన్ను కాలిపోయిన పిల్లలకు, రెండో కంటి నల్లగుడ్డు అంచు నుంచి రెండు మిల్లీమీటర్ల ముక్క తీసి, సన్నగా తుంచి, కాలిన కంటి మీద పరిచి కొత్త పొర పెంచే పద్ధతిని 2012లో ప్రకటించిందీ అక్కడివాళ్లే. "ఈ మందుకు ఇది ఎందుకు తగ్గలేదు?" అని రాసి పెట్టుకునే బుద్ధి మీ ఇంట్లో పిల్లకు ఉంటే, దాన్ని పిచ్చి అంటున్నారా మీరు?

అమ్మాయికీ ఒక మాట చెప్పాలి. కంటి డాక్టరు రోజులో ఎక్కువ భాగం శుక్లాలు, అద్దాల నంబర్లు, షుగరు రోగుల రెటీనాలు, నీటికాసులే. మామూలు కన్ను వేలసార్లు చూసినవాళ్లకే తేడా ఉన్న కన్ను పట్టుబడుతుంది. ఫోన్లో తీసిన ఫోటోలో పసిబిడ్డ కన్ను ఒకటి తెల్లగా మెరిసిందని ఒక తల్లి వచ్చి చెప్తుంది. "ఫ్లాష్ పడి ఉంటుందిలే" అని పంపేస్తే లోపల రెటినోబ్లాస్టోమా పెరిగిపోవచ్చు. అది పసిపిల్లల కంటి క్యాన్సరు, తొందరగా పట్టుకుంటే చాలామంది పిల్లల ప్రాణం దక్కుతుంది, చాలాసార్లు చూపు కూడా. కిటకిటలాడే ఓపీలో, ఆ రోజు చివరి రోగికి కూడా చుక్కలు వేసి లోపలిదాకా చూసే ఓపిక అమ్మాయికి ఉందా? ఉంటే ఈ బ్రాంచి ఆమెదే.

ఇక లేసిక్. మీ మరిదిగారి మాట మీద నాకు గట్టి అనుమానాలున్నాయి. హైటెక్ సిటీ వైపు బోర్డులు చూసి, సంబంధాలు మొదలుపెట్టే ముందు ఆడపిల్లలకు అద్దాలు తీయించే హడావుడి చూసి, అందులో డబ్బే డబ్బు అనుకుంటారు. లేజర్ యంత్రం కోట్ల ఖరీదు. కొత్తగా పాసైన డాక్టరు కొనలేదు, ఎవరి యంత్రం మీదో జీతానికి కూర్చోవాలి. ఆ జీతం వెనక నెలకు ఇన్ని సర్జరీలని లెక్క ఉందేమో కనుక్కోండి. యంత్రం వాడటం నేర్చుకోవచ్చు. ఎవరికి చేయకూడదో తెలియడం కష్టం. కార్నియా, అంటే నల్లగుడ్డు మీది పారదర్శక పొర, పల్చగా ఉన్నవాళ్లకు, అది పల్చబడి ముందుకు ఉబ్బే కెరటోకోనస్ జబ్బు అప్పటికే మొదలైపోయినవాళ్లకు లేజర్ చేస్తే కార్నియా ఇంకా ముందుకు ఉబ్బి చూపు దెబ్బతినవచ్చు. ఎదురుగా కూర్చుని బతిమాలే రోగికి "నీకు చేయనమ్మా" అని చెప్పగలగాలంటే ముందు కార్నియా జబ్బులు క్షుణ్ణంగా తెలియాలి. ఆ దారిలో వెళ్లి లేసిక్ చేస్తే నాకు అభ్యంతరం లేదు. తొందరగా సెటిలవడానికి నేరుగా అందులో దిగితే మాత్రం ఒప్పుకోను.

పోలిక అడిగారు కదా. మొదటి కొన్నేళ్లు రేడియాలజీలోనే సంపాదన ఎక్కువ. కంటి వైపు మూడేళ్ల ఎంఎస్, ఆపైన ఒకటి రెండేళ్ల ఫెలోషిప్ అయ్యేదాకా రాబడి నిదానం. అయితే కంటి సీటుకు రేడియాలజీ అంత పై ర్యాంకు అక్కర్లేదు, అర్ధరాత్రి పిలుపులు తక్కువ, పీజీలోనూ స్టైపెండ్ వస్తుంది. పెళ్లి పీజీ మధ్యలో చేసుకున్నవాళ్లూ ఉన్నారు, తర్వాత చేసుకున్నవాళ్లూ ఉన్నారు, అందరూ కాపురాలు చేసుకుంటూనే ఉన్నారు. దాని కోసం బ్రాంచి మార్చకండి. చీకటి గదిలో స్క్రీను ముందు కూర్చోవడం ఇష్టం లేని పిల్లను బలవంతాన కూర్చోబెడితే, ఇరవై ఏళ్ల తర్వాత కూడా ఆ మాట మీతోనే అంటుంది.

మీరు నిజంగా పట్టించుకోవాల్సింది కాలేజీ. కొన్నిచోట్ల మూడేళ్లూ పక్కన నిలబడి చూడటంతోనే పోతుంది, సొంతంగా చేసే శుక్లం ఆపరేషన్లు చాలా తక్కువ. ఆప్షన్లు పెట్టే ముందు ఆ కాలేజీ ఫైనలియర్ పీజీలకు అమ్మాయి చేత ఫోన్ చేయించండి. మొదటి కేసు ఏ ఏడాదిలో ఇచ్చారు, కోత నుంచి లెన్సు దాకా ఒంటరిగా ఎన్ని చేశారు, మేక కళ్ల మీద ప్రాక్టీసు చేయడానికి వెట్ ల్యాబ్ ఉందా అని అడగమనండి. రెండు కళ్లతో లోతు సరిగ్గా తెలుస్తోందో లేదో ఒక్కసారి స్టీరియో పరీక్ష చేయించండి. మైక్రోస్కోపు కింద పనికి అది కావాలి. ఆ ఫోన్లు అమ్మాయే చేయాలి, మీరూ మీ మరిదిగారూ కాదు.