టెక్ సందేహాలు: మడ అడవికి బయలుదేరే ముందు ఫోనులో చేయాల్సిన పనులు

చలికాలం దగ్గరపడుతుంటే ఉత్తరాల్లో ప్రయాణాల ప్రశ్నలు పెరుగుతాయి. ఈసారి వచ్చినవాటిలో ఎక్కువ భాగం ఒడిశాలోని భితరకనిక జాతీయ ఉద్యానం గురించే. ఆంధ్రప్రదేశ్ తీరంలో కోరింగ లాంటి అభయారణ్యాలు ఉన్నా జాతీయ ఉద్యానం లేదు. కాబట్టి విశాఖ, శ్రీకాకుళం వైపు వాళ్లు శుక్రవారం రాత్రి రైలెక్కి భద్రక్‌లో దిగి, శని, ఆదివారాలు మడ అడవిలో గడిపి రావాలనుకోవడం సహజం. ఒకదానితో ఒకటి ముడిపడిన ప్రశ్నలు కనుక ఈ వారం అన్నీ వీటికే కేటాయిస్తున్నాను.

ఏఐ చాట్‌బాట్‌ను అడిగి రెండు రోజుల ప్లాన్ వేయించుకున్నాను. మే నెల రెండో శనివారం వెళ్తే పిల్లలకు సెలవులు కలిసొస్తాయని చెప్పింది. దాని ప్రకారమే రైలు టికెట్లు తీసుకోవచ్చా? (ఒక ఉపాధ్యాయురాలు, విజయనగరం)

తీసుకోకండి. ఉప్పునీటి మొసళ్లు గుడ్లు పెట్టే కాలం కావడంతో ఏటా మే 1 నుంచి జులై 31 వరకు భితరకనికలోకి సందర్శకులను రానివ్వరు. జనవరిలో మొసళ్లను లెక్కించే కొద్ది రోజులు కూడా మూసేస్తారు. సెలవులు ఎప్పుడో చాట్‌బాట్‌కు తెలుసు, అడవి ఎప్పుడు మూసి ఉంటుందో చూసుకోలేదు. చూడదగిన చోట్ల జాబితాకో, సామాన్ల పట్టీకో దాన్ని వాడుకోండి. తేదీ, ప్రవేశం, బస ఈ మూడూ మాత్రం ఒడిశా అటవీశాఖ దగ్గరే ఖరారు చేసుకోండి. డాంగ్‌మల్, హబలిఖటి లాంటి చోట్ల ఉన్న నేచర్ క్యాంపుల్లో గదులను ‘ఎకోటూర్ ఒడిశా’ వెబ్‌సైట్‌లో బుక్ చేసుకోవచ్చు. సెర్చ్‌లో పైన ‘స్పాన్సర్డ్’ గుర్తుతో కనిపించే లింకులు నొక్కకుండా చిరునామా మీరే టైపు చేయండి. ప్రభుత్వ సైట్లను పోలిన నకిలీ బుకింగ్ పేజీలు పర్యాటక ప్రాంతాలన్నిటి పేరిటా తయారవుతున్నాయి.

మరో ముఖ్యమైన సంగతి మ్యాప్. గూగుల్ మ్యాప్స్‌లో ‘భితరకనిక నేషనల్ పార్క్’ అని కొడితే గుర్తు ఎక్కడ పడిందో పెద్దది చేసి చూడండి. 145 చదరపు కిలోమీటర్ల అడవికి మ్యాప్ ఒకే ఒక చుక్క పెడుతుంది. ఆ చుక్క రేవు దగ్గరే ఉంటుందన్న హామీ లేదు. కారు దాన్నే పట్టుకుని వెళ్తే ఏ నది ఒడ్డునో దారి ఆగిపోవచ్చు. మీరు వెళ్లాల్సింది బోటు ఎక్కే రేవుకు. చాంద్‌బలి, ఖోలా, గుప్తి, వీటిలో మీ బోటు ఎక్కడ ఉంటుందో ముందే కనుక్కుని ఆ పేరునే గమ్యంగా పెట్టండి. భద్రక్ నుంచి చాంద్‌బలి వరకు ఉన్న ప్రాంతాన్ని ఇంట్లో వైఫై ఉండగానే ఆఫ్‌లైన్ మ్యాప్‌గా దింపుకోండి. ఆఫ్‌లైన్‌లో గూగుల్ మ్యాప్స్ కారు దారి చూపుతుంది కానీ ట్రాఫిక్ సమాచారం, నడక దారి ఇవ్వదు. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ సమాచారంతో పనిచేసే ‘ఆర్గానిక్ మ్యాప్స్’ను కూడా పెట్టుకుంటే మంచిది. ఉచితం, ప్రకటనలు ఉండవు, నదీపాయలు కూడా అందులో కనిపిస్తాయి.

ఇక మీరు అడగకపోయినా చెప్పాల్సింది ఆటుపోట్ల గురించి. ఉప్పుటేరులో బోటు ప్రయాణాన్ని గడియారం కంటే ఎక్కువగా శాసించేది ఇదే. ఫోనులో ముందుగా ఉండే వాతావరణ యాప్ ఎండ, వాన, గాలి చెబుతుంది. చాలా ఫోన్లలో పోటు ఎప్పుడో, ఆటు ఎప్పుడో అందులో ఉండదు. చలికాలంలో ఆటు సమయానికి బురద ఒడ్డులు బయటపడి మొసళ్లు ఎండ కాగుతూ కనిపిస్తాయి. పోటు మీద ఆ ఒడ్డులన్నీ మునిగిపోతాయి. మరోవైపు సన్నని పాయల్లోకి బోటు వెళ్లాలంటే నీళ్లు ఉండాలి. ఈ రెండింటి మధ్య సరైన వేళ ఏదో బోటు నడిపేవారికే బాగా తెలుసు. మీ వంతుగా ధామ్రా లేదా పారాదీప్ ఓడరేవుల ఆటుపోట్ల వేళలు చూసి స్క్రీన్‌షాట్ తీసి ఉంచుకోండి. ఈ వేళలు రోజుకు సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతూ పోతాయి కనుక శనివారం వేళ ఆదివారానికి పనికిరాదు. పైగా అవి సముద్రతీరపు రేవు వేళలు. నది లోపలికి పోయేకొద్దీ పోటు ఆలస్యంగా చేరుతుంది. సముద్రం పరిస్థితి, అలల హెచ్చరికలకు హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ (భారత జాతీయ సముద్ర సమాచార సేవల కేంద్రం) వెబ్‌సైట్ నమ్మదగినది. తుపాను హెచ్చరికలకు భారత వాతావరణ శాఖ ‘మౌసమ్’ యాప్ ఉంది. బయలుదేరే రోజు ఉదయం ఆ రెండూ చూశాకే ఇల్లు కదలండి.

సిగ్నల్ లేకపోతే జీపీఎస్ పనిచేస్తుందా? పది వేల ఎంఏహెచ్ పవర్ బ్యాంకు రెండు రోజులకు సరిపోతుందా? (ఒక ఇంజినీరింగ్ విద్యార్థి, కాకినాడ)

పనిచేస్తుంది. జీపీఎస్ అంటే ఉపగ్రహాల నుంచి సంకేతాలు అందుకోవడమే, దానికి డేటా అక్కర్లేదు. ఇంటర్నెట్ ఉంటే ఉపగ్రహాల స్థితి ముందే తెలుసుకుని ఫోను త్వరగా స్థానం పట్టుకుంటుంది. లేకపోతే మొదటిసారి కొన్ని నిమిషాలు పట్టవచ్చు. రేవులో సిగ్నల్ ఉండగానే మ్యాప్ ఒకసారి తెరిచి చూస్తే ఆ ఆలస్యం తప్పుతుంది.

బ్యాటరీని ఎక్కువగా తినేది బలహీనమైన సిగ్నల్. టవర్ దూరమైనకొద్దీ ఫోను మరింత శక్తితో సంకేతాలు పంపుతూ, అదేపనిగా వెతుకుతూ ఉంటుంది. బోటు ఎక్కగానే ఎయిర్‌ప్లేన్ మోడ్ పెట్టేయండి. కెమెరా పనిచేస్తుంది. చాలా ఫోన్లలో జీపీఎస్ కూడా పనిచేస్తుంది, మీ ఫోనులో ఎలా ఉందో ఇంటి డాబా మీదే పరీక్షించుకోండి.

పవర్ బ్యాంకు మీద రాసిన 10,000 ఎంఏహెచ్ దాని లోపలి సెల్ వోల్టేజీ 3.7 దగ్గర లెక్క. అంటే 37 వాట్-అవర్లు. 5,000 ఎంఏహెచ్ ఫోను బ్యాటరీలో సుమారు 19 వాట్-అవర్లు ఉంటాయి. వోల్టేజీ మార్పిడిలోనూ వేడిగానూ పోయేది తీసేస్తే ఫోను ఒకటిన్నర సార్లు నిండుతుంది. ఒక్కరికి చాలు. నలుగురి కుటుంబానికి 20,000ది తీసుకెళ్లండి.

నగదు మరవద్దు. సిగ్నల్ లేని చోట మామూలు యూపీఐ చెల్లింపు జరగదు. *99# సేవకు డేటా అక్కర్లేదు గానీ నెట్‌వర్క్ కావాల్సిందే.

డిసెంబరులో అమెరికా నుంచి వస్తున్నాం. అక్కడి జాతీయ పార్కులకు వెళ్లేటప్పుడు వాడే గార్మిన్ ఇన్‌రీచ్ శాటిలైట్ పరికరాన్ని భితరకనికకు తెచ్చుకోవచ్చా? (ఒక సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, డాలస్)

వద్దు. ఇంట్లోనే వదిలిపెట్టి రండి. అనుమతి లేకుండా శాటిలైట్ ఫోన్లు, ఇన్‌రీచ్ లాంటి సందేశ పరికరాలు కలిగి ఉండటమే భారతదేశంలో నేరం. విమానాశ్రయ తనిఖీల్లో ఇవి బయటపడి విదేశీ యాత్రికులు అరెస్టయిన సందర్భాలు ఉన్నాయి. ఆపదలో ఆదుకోవడానికి కొన్న పరికరమని చెప్పినా చట్టం ముందు అది సమాధానం కాదు. ఐఫోన్‌లో ఉపగ్రహం ద్వారా ఎస్‌ఓఎస్ పంపే సదుపాయం ఇక్కడ పనిచేయదు కనుక దాని మీదా ఆధారపడవద్దు.

బదులుగా చేయగలిగింది ఉంది. ఏ రేవు నుంచి, ఏ బోటులో, ఎన్ని గంటలకు వెళ్తున్నారో, ఎప్పటికి తిరిగి రావాలో ఇంట్లో ఒకరికి సందేశం పంపి బోటెక్కండి. వేరువేరు కంపెనీల సిమ్‌లు రెండు పెట్టుకోండి. టెలికాం సంస్థలు తమ వెబ్‌సైట్లలో పెట్టే కవరేజీ మ్యాపుల్లో భితరకనిక ఉన్న కేంద్రపడ జిల్లాను చూస్తే ఏ సిమ్ మేలో కొంత తెలుస్తుంది. అత్యవసర నంబరు 112.

నా డ్రోను బరువు 249 గ్రాములు. లైసెన్సు అక్కర్లేదని చదివాను. మడ అడవి మీద ఎగరేయవచ్చు కదా? (యూట్యూబ్ ఛానల్ నడిపే ఒక యువకుడు, విశాఖపట్నం)

ఎగరేయకూడదు. 250 గ్రాముల లోపు డ్రోనుకు పైలట్ లైసెన్సు అక్కర్లేదన్నది 2021 డ్రోన్ నిబంధనల్లో ఉన్న వెసులుబాటు. అడవిలో ఎగరేయడానికి అది అనుమతి కాదు. జాతీయ ఉద్యానంలో వన్యప్రాణి సంరక్షణ చట్టం అమల్లో ఉంటుంది, అక్కడ అటవీశాఖ మాటే చెల్లుతుంది. దానికి తోడు ఆ తీరంలోనే క్షిపణి పరీక్షలు జరిపే అబ్దుల్ కలాం దీవి ఉంది. తెలియక ఎగరేశానని అక్కడ నచ్చజెప్పుకోవడం కష్టం. ఇవన్నీ పక్కన పెట్టినా, గూళ్ల మీద కూర్చున్న కొంగలు డ్రోను చప్పుడుకు బెదిరి లేచిపోతే గుడ్లు, పిల్లలు ఎండకూ కాకులకూ దొరికిపోతాయి. ఏ వీడియో కోసమైనా అది చేయదగిన పని కాదు.

ఐపీ68 ఫోను కదా, ఉప్పునీళ్లలో పడితే భయం లేదా? (శ్రీకాకుళం)

ఉంది. ఐపీ68 అంటే ఫోనులోకి దుమ్ము, నీళ్లు చొరబడవని చెప్పే గుర్తు. ఆ పరీక్ష చేసేది మంచినీళ్లతో. ఉప్పునీరు చార్జింగ్ పోర్టులో ఉండగా కరెంటు ఇస్తే లోహపు కొనలు తుప్పు పడతాయి. తడిస్తే ఆపేసి, మంచినీళ్లతో సుతారంగా కడిగి, తుడిచి, పూర్తిగా ఆరేవరకు చార్జింగ్ పెట్టకండి. బియ్యంలో పెట్టడం వల్ల లాభం లేదు, నూకలు, పిండి పోర్టులో చేరతాయి. మెడలో తాడుతో వేసుకునే జలనిరోధక సంచి కొనుక్కోండి, ధర ఎక్కువేమీ కాదు. బోటులోంచి ఫోను నీళ్లలో పడితే మాత్రం దాన్ని వదిలేయండి. నీళ్లలో చెయ్యి పెట్టవద్దు, పిల్లలను అంచున కూర్చోబెట్టవద్దు. దేశంలో ఉప్పునీటి మొసళ్లు అత్యధికంగా ఉన్న చోటు అది. చుట్టుపక్కల ఊళ్లలో స్నానాల రేవులకు నీళ్లలోనే కంచెలు కట్టి ఉంటాయి.

పక్షుల పేర్లు చెప్పే మంచి యాప్ ఏది? (పదో తరగతి విద్యార్థిని, రాజమహేంద్రవరం)

కార్నెల్ విశ్వవిద్యాలయం వారి ‘మెర్లిన్ బర్డ్ ఐడీ’. ఉచితం. భారతదేశం పక్షుల ప్యాక్ ముందే దింపుకుంటే నెట్ లేకపోయినా ఫొటో చూసి, కూత విని పేరు చెబుతుంది. భితరకనికలో ఎనిమిది రకాల లకుముకి పిట్టలు ఉన్నాయి, వాటితో మొదలుపెట్టు. యాప్‌లోని కూతలను అడవిలో పైకి వినిపించకు. పక్షులు మరో పక్షి వచ్చిందనుకుని మేత మానేసి వెతుక్కుంటాయి. ఇయర్‌ఫోన్ పెట్టుకుని విను.