జట్లు మారడం లోపమా?

ప్రశ్న: మా అబ్బాయి ఫుట్‌బాల్ సాధన చేస్తూ ఫ్రాన్స్ ఆటగాడు నికొలాస్ అనెల్కాను ఆదర్శమంటాడు. అన్ని క్లబ్బులు మారినవాడు నిలకడ లేనివాడే కదా అన్నాను. నా మాట సరైనదేనా?
– ఒక పాఠకుడు, హనుమకొండ

జవాబు: మీ సందేహంలో న్యాయం ఉంది గానీ తీర్పు తొందరపాటుదని నా అభిప్రాయం. 1997లో పారిస్ నుంచి లండన్ క్లబ్బు ఆర్సెనల్‌కు వచ్చిన అనెల్కా, మరుసటి ఏడాది ఇంగ్లండ్ నాకౌట్ టోర్నీ ఎఫ్.ఏ. కప్ ఫైనల్‌లో గోల్ చేశాడు. 1999లో స్పెయిన్ క్లబ్బు రియల్ మాడ్రిడ్‌కు వెళ్లి, శిక్షణకు నిరాకరించి సస్పెన్షన్‌కు గురైనా, యూరప్ క్లబ్బుల టోర్నీ ఛాంపియన్స్ లీగ్ సెమీఫైనల్‌లో బయర్న్ మ్యూనిక్‌పై రెండు మ్యాచుల్లోనూ గోల్ చేసి, ఆ జట్టు 2000లో కప్పు గెలవడానికి తోడ్పడ్డాడు. ఆ మొండితనమే 2010 ప్రపంచ కప్‌లో కోచ్‌తో గొడవపడి మధ్యలోనే ఇంటిదారి పట్టేలా చేసింది, దాన్ని సమర్థించలేను.

అయితే లివర్‌పూల్, మాంచెస్టర్ సిటీ, ఫెనర్‌బాచే, బోల్టన్ దాటి చెల్సీ చేరిన ఆ ఆటగాడే 2008-09లో 19 గోల్స్‌తో ఇంగ్లండ్ అగ్రశ్రేణి ప్రీమియర్ లీగ్‌లో గోల్స్ వేసినవారిలో అగ్రస్థానంలో నిలిచాడు. డిఫెండర్ల వెనుక ఖాళీలోకి దూసుకెళ్లే వేగం ఏ దేశంలోనైనా పనికొస్తుంది; అందుకే షాంఘై, యువెంటస్, చివరికి 2014లో ముంబై సిటీ కూడా అతణ్ణి పిలిచాయి. మన సికింద్రాబాద్‌లో పుట్టిన భారత ఫుట్‌బాల్ ఆటగాడు సునీల్ ఛెత్రీ సైతం బెంగళూరులో స్థిరపడకముందు మోహన్ బగాన్, జేసీటీ, ఈస్ట్ బెంగాల్, డెంపో జట్లకు ఆడినవాడే.