స్టార్ ఆటగాడి ఫామ్ పోతే గోల్స్ కంటే ముందు పోయేది ఎదుటి జట్టు భయం

ప్రశ్న: ఫుట్‌బాల్‌లో ఒక సీజన్‌లో కప్పు తెచ్చిపెట్టిన ఆటగాడు మరుసటి సీజన్‌కే ఎందుకు గల్లంతైపోతాడు? ఆడేది పదకొండు మంది కదా, ఒక్కడు ఆడకపోతే జట్టు మొత్తం అంతలా ఎందుకు కుదేలవుతుంది?

జవాబు:

దీనికి అందరూ చెప్పేది ఒకటే మాట: "కాన్ఫిడెన్స్ పోయింది." అబద్ధం కాదు గానీ, కథ చివరి అంకం నుంచి మొదలుపెట్టినట్టు ఉంటుంది. నేను గమనించినంతలో ఫార్వర్డ్‌ల, అంటే ముందుండి గోల్స్ కొట్టేవాళ్ళ ఫామ్ ముందు కాళ్ళలో తగ్గుతుంది. తర్వాత అతనికి బంతి అందే చోటు మారుతుంది. గోల్స్ ఆగి నాలుగైదు వారాలయ్యాక అది తలకెక్కుతుంది. టీవీ కెమెరా అతను తల పట్టుకున్నప్పుడే దగ్గరికి వెళ్తుంది కాబట్టి మనకి ఆ చివరిదే కనిపిస్తుంది.

మనకి క్రికెట్ లెక్క అలవాటు. కోహ్లికి 2019 నవంబర్ నుంచి 2022 సెప్టెంబర్ దాకా అంతర్జాతీయ సెంచరీ రాలేదు. అయినా క్రీజులోకి వెళ్తే బౌలర్ అతనికి బంతి వేయక తప్పదు. ఫుట్‌బాల్ ఫార్వర్డ్‌కి ఆ హామీ లేదు. తొంభై నిమిషాల్లో బంతి అతని కాలి దగ్గర ఉండేది మహా అయితే రెండు మూడు నిమిషాలు, అదీ ఇంకొకడు ఇస్తే. కాబట్టి "అతను ఆడట్లేదు", "అతన్ని ఆడనివ్వట్లేదు", "అతనికి ఎవరూ ఇవ్వట్లేదు" అనే మూడూ స్కోర్‌కార్డులో ఒకేలా కనిపిస్తాయి.

దీనికి నాకు తెలిసినంతలో ఇంగ్లండ్ క్లబ్ చెల్సీలో ఎడెన్ హజార్డ్‌ని మించిన ఉదాహరణ లేదు. 2014-15లో లీగ్‌లో 38కి 38 మ్యాచ్‌లూ ఆడాడు, 14 గోల్స్ కొట్టాడు, చెల్సీ 87 పాయింట్లతో ఛాంపియన్. మరుసటి ఏడాది లీగ్‌లో అతని మొదటి గోల్ ఎప్పుడొచ్చిందో తెలుసా? 2016 ఏప్రిల్ 23న. లీగ్ మొత్తంలో 4. జట్టు 50 పాయింట్లతో 10వ స్థానం. అంతకుముందు 2015 డిసెంబర్ 14న లీస్టర్‌లో తుంటి నొప్పితో మొదటి సగంలోనే బయటికొచ్చాడు. ఆ మ్యాచ్ ఓడిన మూడు రోజులకే కోచ్ మౌరీనియో ఉద్యోగం పోయింది.

ఇప్పుడు మైదానంలో ఏం జరిగిందో దగ్గరగా చూడండి. హజార్డ్ ఎడమ గీత దగ్గర బంతి అందుకుని ఆగుతాడు. ఎదుటి రైట్‌బ్యాక్, అంటే ఆ పక్క కాపలా కాసే డిఫెండర్, రెండు మీటర్ల దూరంలో నిలబడతాడు. ఇంకా దగ్గరికి రాడు, వస్తే హజార్డ్ భుజం వంచి పక్కనుంచి వెళ్ళిపోతాడని భయం. అందుకే సాయానికి ఒక మిడ్‌ఫీల్డర్‌ని కూడా అటు పిలుచుకుంటాడు. ఆ మిడ్‌ఫీల్డర్ అటు కదలగానే మధ్యలో చెల్సీ ఫాబ్రెగాస్‌కి తల ఎత్తి చూసేంత ఖాళీ దొరుకుతుంది, అక్కడి నుంచి స్ట్రైకర్ డియెగో కోస్టా పరుగెత్తే దారిలోకి పాస్ పడుతుంది. ఆ గోల్‌లో హజార్డ్ పేరు ఎక్కడా ఉండదు.

తుంటి పట్టేసినవాడు నిలబడ్డ చోటు నుంచి మొదటి రెండు అడుగులు విసురుగా వేయలేడు. వేగంలో ఉన్నప్పుడు పరుగు మామూలుగానే కనిపిస్తుంది, పోయేది ఆ కుదుపు ఒక్కటే. బంతి అందుకుంటాడు, ఆగుతాడు, వెనక్కి తిప్పి తన లెఫ్ట్‌బ్యాక్‌కి ఇచ్చేస్తాడు. ఇలా ఓ మూడుసార్లు జరిగితే రైట్‌బ్యాక్‌కి అర్థమైపోతుంది. ఒక మీటరు ముందుకి జరుగుతాడు. "నేను చూసుకుంటాలే" అని మిడ్‌ఫీల్డర్‌ని మధ్యలోకి పంపేస్తాడు. వాడు పోయి ఫాబ్రెగాస్ ఎదురుగా నిలబడతాడు. ఫాబ్రెగాస్ అసిస్ట్‌లు, అంటే గోల్‌కి ముందు ఇచ్చే చివరి పాస్‌లు, 18 నుంచి 7కి, కోస్టా లీగ్ గోల్స్ 20 నుంచి 12కి పడ్డాయి. వాళ్ళకి వాళ్ళ సమస్యలు కూడా ఉన్నాయనుకోండి. పైగా ఆ ఏడాది ప్రీసీజన్ ఆలస్యంగా మొదలైంది, ముసలితనం వచ్చిన డిఫెన్స్‌ని మార్చలేదు. అంతా హజార్డ్ మీదకి నెట్టడం అన్యాయం. అయినా జట్టు ఎలా కూలుతుందన్న మీ ప్రశ్నకి జవాబు ఈ రెండు మీటర్లు ఒక మీటరు అవడంలోనే ఉంది.

ఇది అక్కడితో ఆగదు. భయం పోయిన రైట్‌బ్యాక్ ఇప్పుడు దాడికి కూడా వెళ్తాడు. అతన్ని ఆపడానికి మన వింగర్ (గీత పక్కన ఆడే హజార్డ్ లాంటివాడు) సొంత గోల్ వైపు నలభై మీటర్లు వెనక్కి పరుగెత్తాలి. తిరిగి బంతి దొరికేసరికి ఎదుటి గోల్‌కి అరవై డెబ్భై మీటర్ల దూరంలో, రొప్పుతూ ఉంటాడు. ఇంకో పక్క సహచరులు జాలితోనో అలవాటుతోనో అతనికే బంతి ఇస్తారు, ఖాళీగా ఉన్నవాడిని వదిలేసి. అతనేమో లెక్క సరిచేయాలని పాతిక మీటర్ల నుంచి కొడతాడు. గోల్ ముందుండే పెనాల్టీ బాక్స్ బయటి నుంచి కొట్టిన షాట్ వందకి మూడో నాలుగో లోపలికెళ్తుంది. అంటే స్టార్ ఫామ్ పోయిందంటే అతని గోల్స్ పోవడమే కాదు, మిగతా వాళ్ళ దాడులు కూడా అతని దగ్గరికొచ్చి ఆగిపోతాయి.

అసలు కారణం ఏమిటో తేల్చుకోవాలంటే గోల్స్ లెక్కపెట్టకండి. ఒక నోట్‌బుక్ తీసుకుని వరసగా ఐదు మ్యాచ్‌ల్లో నాలుగు విషయాలు రాయండి: బంతి ఎక్కడ అందుకున్నాడు, అందుకున్నాక ముందుకి తిరిగాడా లేక వెనక్కి ఇచ్చాడా, బాక్స్ లోపల ఎన్నిసార్లు బంతి తాకాడు, షాట్ ఎక్కడి నుంచి కొట్టాడు. పదిహేను నిమిషాలకో గడి గీసుకుంటే ఇంకా మంచిది. మొదటి రెండు గడుల్లో బాగుండి అరవై నిమిషాల తర్వాత పడిపోతుంటే అది అలసట, పూర్తి ఫిట్‌నెస్ లేకపోవడం.

షాట్లు పాత చోట్ల నుంచే, పాత సంఖ్యలోనే వస్తూ గోల్స్ మాత్రం తగ్గితే కంగారు పడక్కర్లేదు. ఇక్కడే ఎక్స్‌జీ లెక్క పనికొస్తుంది. ఒక షాట్ ఉన్న చోటు, కోణం, పాస్ వచ్చిన తీరు బట్టి అది గోల్ అయ్యే అవకాశానికి సున్నా నుంచి ఒకటి దాకా వేసే మార్కు అది. పెనాల్టీకి సుమారు 0.76 నుంచి 0.79 ఉంటుంది. ఒకడు 15 ఎక్స్‌జీకి 22 గోల్స్ కొట్టాడంటే ఆ అదనపు ఏడూ ప్రతి ఏడాదీ రావు. మరుసటి సీజన్‌లో అదే 15 ఎక్స్‌జీకి 14 కొడితే అభిమానులు "అయిపోయాడు" అంటారు. నా దృష్టిలో అతను అలాగే ఉన్నాడు, పోయినేడాదే కాస్త ఎక్కువ కలిసొచ్చింది. ఎనిమిది పది మ్యాచ్‌లు వదిలేయండి, సర్దుకుంటుంది.

బాక్స్ లోపల తాకడాలు సగానికి పడిపోయి, బంతి అందుకునే చోటు వెనక్కి జరిగితే తప్పు అతనికి ఇచ్చేవాళ్ళలోనో, జట్టు నిలబడే తీరులోనో ఉంది. ఫెర్నాండో టోరెస్ కథలో ఇది సగం. లివర్‌పూల్‌లో అతని ఆటంతా చివరి డిఫెండర్ భుజం పక్క నుంచి వెనక ఖాళీలోకి దూకడమే. 2009-10లో లీగ్‌లో 22 మ్యాచ్‌లకి 18 గోల్స్ కొట్టాడు. 2011 జనవరి 31న 5 కోట్ల పౌండ్లకి చెల్సీ వెళ్ళాడు. చెల్సీతో ఆడే జట్లు బాక్స్ ముందే గోడ కట్టుకుని నిలబడేవి. వెనక ఖాళీయే లేనప్పుడు ఎక్కడికి దూకుతాడు? మొదటి గోల్‌కి ఏప్రిల్ 23 దాకా పట్టింది. వర్షానికి నీళ్ళు నిలిచిన మైదానంలో, బంతి ఒక నీటి మడుగులో ఆగిపోతే దొరికిన గోల్ అది.

మిగతా సగం మోకాలు. 2010లో జనవరిలో ఒకసారి, ఏప్రిల్‌లో ఇంకోసారి కుడి మోకాలికి ఆపరేషన్ జరిగింది. ఏప్రిల్ తర్వాత రెండు నెలలకే వరల్డ్ కప్ ఆడాడు, ఒక్క గోల్ లేదు. అక్కడి నుంచి ఆ పాత దూకుడు పూర్తిగా తిరిగి రాలేదు. 2011 సెప్టెంబర్ 18న మాంచెస్టర్ యునైటెడ్ మైదానం ఓల్డ్ ట్రాఫర్డ్‌లో గోల్‌కీపర్ డి హియాని తప్పించుకుని ఖాళీ గోల్ పక్కకి కొట్టిన షాట్ అందరికీ గుర్తుంది. అదే మ్యాచ్‌లో అంతకుముందు అదే డి హియా మీదుగా చక్కగా లేపి గోల్ కొట్టాడన్నది ఎవరికీ గుర్తులేదు. కొట్టడం మర్చిపోయినవాడైతే ఆ మొదటిది కూడా పడేది కాదు.

ఇక మూడో రకం: బంతి మామూలుగానే అందుతోంది, కానీ ఎదుటివాడిని దాటే ప్రయత్నమే చేయడం లేదు. ఇలాంటివాడిని మనస్తత్వ నిపుణుడి కంటే ముందు ఫిజియో దగ్గరికి పంపాలి. ముఖ్యంగా గజ్జల దగ్గరి నొప్పులు మోసం చేస్తాయి. తిన్నగా పరుగెత్తితే నొప్పి ఉండదు కాబట్టి ఫిట్‌నెస్ పరీక్షలన్నీ పాసైపోతాడు. ఒంటికాలి మీద తిరిగి షాట్ కొట్టేటప్పుడు మాత్రం పొత్తికడుపు కింద లాగుతుంది, తెలియకుండానే షాట్‌లో బలం తగ్గిస్తాడు. టోటెన్‌హామ్‌లో సన్ హ్యుంగ్-మిన్ 2021-22లో ఒక్క పెనాల్టీ లేకుండా 23 లీగ్ గోల్స్ కొట్టి సలాతో కలిసి గోల్డెన్ బూట్ తీసుకున్నాడు. తర్వాతి ఏడాది 10. హెర్నియా నొప్పితోనే సీజనంతా ఆడాడని ఆపరేషన్ అయ్యాక బయటపడింది. నవంబర్‌లో కంటి చుట్టూ ఎముక విరగడం అదనం. ఎడమ పక్కన కొత్తగా వచ్చిన పెరిసిచ్ గీత వెంబడి పైకి వెళ్ళడంతో సన్ పరుగులు తీసే చోటు కూడా ఇరుకైంది. ఆపరేషన్ తర్వాతి సీజన్‌లో కొత్త కోచ్ కింద 17 కొట్టాడు.

హామ్‌స్ట్రింగ్, అంటే తొడ వెనక కండరం పట్టేసినవాళ్ళ విషయంలో మన దగ్గర చేసే పెద్ద తప్పు ఒకటుంది. నొప్పి తగ్గగానే మ్యాచ్‌లో దింపేస్తారు. రెండు కాళ్ళ బలానికి తేడా పది శాతం లోపు ఉండాలి. తన అత్యధిక వేగంలో తొంభై శాతం దాటి నొప్పి లేకుండా పరుగెత్తగలగాలి, అదీ ఒకే రోజు కాదు, రెండు మూడు ప్రాక్టీసుల్లో. వచ్చాక కూడా వారానికి ఒకటి రెండుసార్లు 30 నుంచి 40 మీటర్ల పరుగులు నాలుగో ఆరో, ఒక్కోదాని మధ్య రెండు మూడు నిమిషాల విశ్రాంతితో పెట్టాలి. జాగింగ్ ఎంత చేయించినా ఆ కండరం పూర్తి వేగానికి సిద్ధం కాదు. సిద్ధం కానివాడు మ్యాచ్‌లో భయంతో ఎనభై శాతం దగ్గరే ఆగుతాడు. మనం దాన్ని ఫామ్ లేకపోవడం అంటాం.

మితిమీరిన మ్యాచ్‌ల గురించి ఒక్క అంకె చాలు: బార్సిలోనా పెడ్రి 2020-21లో క్లబ్‌కీ, యూరో, టోక్యో ఒలింపిక్స్‌తో సహా స్పెయిన్‌కీ కలిపి 73 మ్యాచ్‌లు ఆడాడు, పద్దెనిమిదేళ్ళకి. మరుసటి సీజన్‌లో ఎక్కువ భాగం తొడ కండరం దెబ్బతో బయటే కూర్చున్నాడు.

ఒక్కడి మీద ఆధారపడితే ఏమవుతుందో చూడ్డానికి ఇంగ్లండ్ దాకా పోనక్కర్లేదు. మన సికింద్రాబాద్‌లో పుట్టిన సునీల్ ఛెత్రి 2024 జూన్‌లో రిటైరయ్యాడు. ఆ ఏడాది భారత జట్టు ఒక్క మ్యాచ్ కూడా గెలవలేదు, అందులో అతను ఆడినవీ ఉన్నాయి. హైదరాబాద్ ఎఫ్‌సీకి 2021-22లో ఐఎస్ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్) కప్పు తెచ్చిన మనోలో మార్కెజ్ జాతీయ కోచ్‌గా వచ్చి, 2025 మార్చిలో నలభై ఏళ్ళ ఛెత్రిని మళ్ళీ పిలిచాడు. మాల్దీవ్స్ మీద 3-0, అందులో ఛెత్రిదొకటి. వారం తిరక్కుండా బంగ్లాదేశ్‌తో 0-0. క్లబ్బుల్లో నంబర్ 9, అంటే ముందుండి గోల్స్ కొట్టేవాడి స్థానం ఎక్కువగా విదేశీయుడిదే. హైదరాబాద్ గెలిచిన ఏడాది కూడా 18 గోల్స్ కొట్టింది నైజీరియా ఒగ్బెచే. ఇక మనవాడు ఎక్కడ నేర్చుకుంటాడు?

కోచ్‌గా మీ చేతిలో ఉన్నవేమిటంటే: ఫామ్ పోయినవాడిని గీత దగ్గర నుంచి పది మీటర్లు లోపలికి జరపండి, ఎదుటి రైట్‌బ్యాక్ వెంట వెనక్కి పరుగెత్తే పని ఇంకొకడికి ఇవ్వండి. 2016 సెప్టెంబర్‌లో ఆర్సెనల్ చేతిలో 3-0తో ఓడాక చెల్సీ కోచ్ ఆంటోనియో కాంటే 3-4-3కి (వెనక ముగ్గురు, మధ్యలో నలుగురు, ముందు ముగ్గురు) మారి చేసిందిదే. ఎడమ గీత మొత్తం అలోన్సో చూసుకున్నాడు, హజార్డ్‌కి రైట్‌బ్యాక్ వెంట పరుగెత్తే బాధ తప్పింది. వరసగా 13 గెలుపులు, 93 పాయింట్లు, హజార్డ్‌కి 16 లీగ్ గోల్స్. మనిషి అదే మనిషి.

షాట్ల ప్రాక్టీస్ సెషన్ చివర్లో కాకుండా వార్మప్ అయిన వెంటనే, కాళ్ళు తాజాగా ఉన్నప్పుడు పెట్టండి. పక్క నుంచి వెనక్కి తిప్పి ఇచ్చే పాస్, గోల్‌కి ఎనిమిది నుంచి పది మీటర్ల దూరం, ఒకే టచ్. ఆరేసి చొప్పున మూడు విడతలు, మధ్యలో తొంభై సెకన్ల విశ్రాంతి. యాభై అరవై కొట్టిస్తే చివరి ముప్పై అలిసిన కాలితో కొట్టే తప్పుడు అలవాటే మిగులుతుంది. బెంచీ మీద కూర్చోబెట్టాల్సి వస్తే కారణం అతనికి ముందే, ఒంటరిగా చెప్పండి. ఎదుటి డిఫెండర్లు అలిసే అరవయ్యో నిమిషం తర్వాత దింపండి.

పెనాల్టీ ఇప్పించి ఫామ్ తెప్పించాలని మాత్రం చూడకండి. 2016 జనవరి 31న ఎంకే డాన్స్ మీద కప్ మ్యాచ్‌లో హజార్డ్‌కి ఆ సీజన్ మొదటి గోల్ పెనాల్టీతోనే వచ్చింది. లీగ్‌లో మొదటిది పడటానికి అక్కడి నుంచి ఇంకో పన్నెండు వారాలు పట్టింది.